కర్రీని తయారుచేసింది ఆ మార్చి కాదు, ఆ తర్వాతి ఏడాది

బాస్కెట్‌బాల్ స్టార్ స్టెఫ్ కర్రీ కాలేజీ రోజుల గురించి ఎవరు మాట్లాడినా 2008 మార్చి దగ్గర మొదలెట్టి 2008 మార్చి దగ్గరే ఆపేస్తారు. ఎవరూ పేరు వినని చిన్న కాలేజీ, పీలగా ఉండే ఒక కుర్రాడు, కాలేజీల జాతీయ టోర్నమెంట్‌లో గొంజాగా మీద 40 పాయింట్లు, జార్జ్‌టౌన్ మీద 30, విస్కాన్సిన్ మీద 33, కాన్సస్ మీద రెండే రెండు పాయింట్లతో ఓడిపోవడం, మధ్యలో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) స్టార్ లెబ్రాన్ జేమ్స్ వచ్చి కూర్చుని చూడ్డం. అక్కడ కట్ చేస్తే ఎన్‌బీఏ టీమ్ గోల్డెన్ స్టేట్ జెర్సీ వేసుకుని కనబడతాడు. ఈ రెంటికీ మధ్య ఇంకో పూర్తి సీజన్ ఉంది, అందులో 30కి పైగా మ్యాచ్‌లు ఆడాడు అన్న సంగతి చాలామందికి గుర్తే ఉండదు. గుర్తున్నవాళ్ళు కూడా దాన్ని ఫెయిలైన ఏడాది అంటారు. నేనేమంటానంటే, అసలు చూడాల్సింది ఆ ఏడాదినే.

మేం ఉండేది షార్లెట్‌లో. ఇక్కడ మనవాళ్ళు బాగానే ఉన్నారు, వీకెండ్ ఎవరింట్లో కలిసినా భోజనాలు అయ్యేలోపు పిల్లల కాలేజీ అప్లికేషన్ల టాపిక్ వచ్చేస్తుంది, అది వచ్చిందంటే ఎవరో ఒక అంకుల్ కర్రీ కథ ఎత్తుకుంటారు, ఎందుకంటే అతను పెరిగింది ఈ ఊళ్ళోనే, వాళ్ళ నాన్న డెల్ కర్రీ ఇక్కడి ఎన్‌బీఏ టీమ్ షార్లెట్ హార్నెట్స్‌కి ఏళ్ళ తరబడి ఆడాడు, చదివిన డేవిడ్‌సన్ కాలేజీ కూడా ఇక్కడికి అరగంట దూరమే. "చూడు నాన్నా, పెద్ద కాలేజీలన్నీ పొమ్మన్నాయి, అయినా పట్టుదలతో ఎదిగాడు" అని పక్కన ఫోన్ చూసుకుంటున్న పిల్లాడికి క్లాసు పీకుతారు. పిల్లాడు తల కూడా ఎత్తడనుకోండి, అది వేరే సంగతి.

ఈ కథలో నాకు ముందు నచ్చనిది ఆ "పొమ్మన్నాయి" అన్న ముక్క. పెద్ద కాలేజీల కోచ్‌లు గుడ్డివాళ్ళేం కాదు. 2006లో వాళ్ళ ముందున్నది ఏంటి? కష్టమ్మీద ఆరడుగులుండే కుర్రాడు, ఒంట్లో బలం లేదు, హైస్కూల్లో మొన్నమొన్నటిదాకా బాల్‌ని నడుం దగ్గర్నించి పైకి విసిరేవాడు, పెద్ద ప్లేయర్ల ముందు ఆ షాట్ నడవదని వాళ్ళ నాన్న ఒక వేసవంతా దగ్గరుండి దాన్ని తల పైనుంచి వదిలేలా మార్పించాడు. అంటే అసలు షాటే కొత్తది. వాళ్ళ అమ్మా నాన్నా ఇద్దరూ వర్జీనియా టెక్ తరపున ఆడినవాళ్ళే, అమ్మ సోన్యా వాలీబాల్, నాన్న బాస్కెట్‌బాల్, అయినా వర్జీనియా టెక్ స్కాలర్‌షిప్ ఇవ్వలేదు, కావాలంటే స్కాలర్‌షిప్ లేకుండా టీమ్‌లో చేరు అంది. చేరి ఉంటే మొదటి ఏడాది ప్రాక్టీసుకి తప్ప కోర్టులోకి దిగేవాడు కాదేమో. ఆ కోచ్‌లు తప్పు చేశారని ఇవ్వాళ మనం ఈజీగా అనేస్తాం. నన్నడిగితే వాళ్ళు తీసుకుని బెంచీ మీద కూర్చోబెట్టి ఉంటే అది ఇంకా పెద్ద తప్పయ్యేది, ఆ తప్పు జరిగినట్టు ఎవరికీ తెలిసేది కూడా కాదు.

డేవిడ్‌సన్ అంటే ఎలా ఉంటుందో చూడకపోతే ఈ కథ సగమే అర్థమవుతుంది. అప్పట్లో మొత్తం కాలేజీకి దాదాపు 1,700 మంది స్టూడెంట్స్, మన దగ్గర ఒక్కో కార్పొరేట్ జూనియర్ కాలేజీ బ్రాంచిల్లో ఇంతకంటే ఎక్కువమంది ఉంటారు. ఎర్ర ఇటుక బిల్డింగులు, పెద్ద పెద్ద చెట్లు, ఎదురుగా ఒకే ఒక్క మెయిన్ స్ట్రీట్. అక్కడ పరీక్షలకి ఇన్విజిలేటర్ ఉండడు, కాపీ కొట్టనని మాటిచ్చి సంతకం పెట్టి రాయడమే, ఫైనల్స్ అయితే ఏ పేపర్ ఎప్పుడు రాయాలో కూడా చాలావరకు వాళ్ళిష్టమే. (ఇది మా కజిన్‌కి చెప్తే అస్సలు నమ్మలేదు.) బాస్కెట్‌బాల్ ఆడే బెల్క్ అరీనాలో పట్టేది 5,000 మంది చిల్లర. నేను అక్కడ మ్యాచ్ చూశాను, కింద వరసల్లో కూర్చుంటే కోచ్ అరుపులే కాదు, ప్లేయర్లు ఒకళ్ళకొకళ్ళు స్క్రీన్ వస్తోంది చూస్కో అని (స్క్రీన్ అంటే డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడ్డం) చెప్పుకునేది, బూట్లు నేలకి రాసుకుని కీచుమనేది కూడా వినబడుతుంది. 20,000 మంది పట్టే అరీనాలో ఇది ఉండదు. అలాంటి చోట కర్రీని పట్టుకొచ్చింది బాబ్ మెకిలప్ అనే కోచ్. న్యూయార్క్ మనిషి, 1989లో వచ్చి 2022 దాకా అక్కడే ఉండిపోయాడు.

2006 నవంబర్‌లో కర్రీ కాలేజీలో ఆడిన మొట్టమొదటి మ్యాచ్ ఈస్టర్న్ మిషిగన్ మీద. 13 టర్నోవర్లు. అంటే 13 సార్లు బాల్ చేతులారా అవతలివాళ్ళకి అప్పగించాడు. ఒక్క మనిషి, ఒక్క మ్యాచ్‌లో! బాస్కెట్‌బాల్ చూసేవాళ్ళకి ఈ నంబర్ ఎంత ఘోరమో తెలుసు, అయిదు దాటితేనే కోచ్ మొహం మాడిపోతుంది. టీమ్ వెనకబడి ఉంది, అయినా మెకిలప్ అతన్ని తీసేసి మూల కూర్చోబెట్టలేదు, చివరికి డేవిడ్‌సన్ ఆ మ్యాచ్ గెలిచింది కూడా. తర్వాతి మ్యాచ్ మిషిగన్ మీద, వాళ్ళ సొంత గడ్డ మీద, కర్రీ 32 కొట్టాడు. సీజన్ అయ్యేసరికి సగటు 21.5, దేశం మొత్తం మీద మొదటేడాది కుర్రాళ్ళలో అతని పైన ఉన్నది ఒక్కడే, టెక్సస్‌లో కెవిన్ డ్యురాంట్. డ్యురాంట్ ఆ ఏడాదే ఎన్‌బీఏకి వెళ్ళిపోయాడు. కర్రీ ఉండిపోయాడు.

రెండో ఏడాది, అంటే ఆ 2008 మార్చి. దీని మీద అందరూ రాశారు కాబట్టి నేను తొందరగా కానిచ్చేస్తాను. సీజన్ మొదట్లో నార్త్ కరొలైనా, డ్యూక్, యూసీఎల్ఏ, ఎన్‌సీ స్టేట్ అందరి చేతుల్లోనూ ఓడి 4 గెలుపులు 6 ఓటములతో ఉన్న టీమ్ అక్కణ్ణించి వరసగా 25 గెలిచింది. కర్రీ ఆ సీజన్‌లో 162 త్రీ పాయింటర్లు, అంటే దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు, వేశాడు, అన్ని త్రీలు ఒక్క సీజన్‌లో అప్పటిదాకా ఎవరూ వెయ్యలేదు. ఆ జాతీయ టోర్నమెంట్, అంటే ఎన్‌సీఏఏలో, గొంజాగా మ్యాచ్‌లో రెండో సగంలోనే 30, జార్జ్‌టౌన్ మీద 17 పాయింట్లు వెనకబడి కూడా గెలిచారు, డెట్రాయిట్‌లో మ్యాచ్‌లకి స్టూడెంట్స్‌కి బస్సు, హోటల్, టికెట్ ఖర్చంతా కాలేజీ ట్రస్టీలే పెట్టుకున్నారు.

కానీ ఆ మార్చిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనబడేది కాన్సస్ మీద ఆఖరి 16 సెకన్లు. 59-57, బాల్ డేవిడ్‌సన్ చేతిలో. కర్రీ బాల్ పట్టుకుని పైకొచ్చాడు, స్క్రీన్ వాడుకున్నాడు, ఇద్దరు మీదకొచ్చేశారు, ఒకసారి వెయ్యబోతున్నట్టు కదిలాడు, వాళ్ళు వదల్లేదు, టైమ్ అయిపోతోంది, పక్కనున్న జేసన్ రిచర్డ్స్‌కి పాస్ ఇచ్చాడు, రిచర్డ్స్ దూరం నుంచి వేసిన త్రీ పక్కకి పోయింది. కాన్సస్ కోచ్ బిల్ సెల్ఫ్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు, బతికిపోయాం అన్నట్టు. ఆ కాన్సస్సే తర్వాత ఛాంపియన్ అయింది.

ఆ ఒక్క పొజెషన్‌లో కర్రీ అప్పటి సమస్య మొత్తం ఉంది. అప్పటిదాకా అతను బాల్ లేకుండా పరిగెత్తేవాడు. బాల్ తెచ్చేది, ఆట నడిపేది రిచర్డ్స్, ఆ ఏడాది దేశంలో అసిస్టుల (పాయింట్లు వచ్చేలా ఇచ్చే పాస్‌ల) సగటులో టాప్ అతనే. కర్రీ స్క్రీన్ల చుట్టూ తిరిగి తిరిగి ఖాళీ దొరగ్గానే బాల్ అందుకుని వేసేవాడు. అందులో అతన్ని మించినవాడు లేడు. కానీ బాల్ తన చేతిలోనే ఉండి, ఇద్దరు మీద పడితే అప్పుడేం చెయ్యాలి? దానికి అతని దగ్గర ఇంకా జవాబు లేదు. ఎన్‌బీఏ టీమ్‌ల కోసం కుర్రాళ్ళని వెతికే స్కౌట్ల అనుమానం కూడా సరిగ్గా అక్కడే ఉంది, షాట్లు వేసే షూటింగ్ గార్డ్‌కి చాలినంత ఎత్తు లేదు, బాల్ తెచ్చి ఆట నడిపే పాయింట్ గార్డ్‌గా ఎప్పుడూ ఆడలేదు, మరి ఇతన్ని ఎక్కడ ఆడించాలి అని. ఆ మార్చి వేడిలోనే ఎన్‌బీఏ టీమ్‌లు కొత్తవాళ్ళని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌కి వెళ్ళిపోయినా ఎవరో ఒకరు తీసుకునేవాళ్ళే. వెళ్ళలేదు. రిచర్డ్స్ చదువైపోయి వెళ్ళిపోయాడు, పాయింట్ గార్డ్ చోటు ఖాళీ అయింది, కర్రీ అందులోకి దిగాడు.

ఇక మూడో ఏడాది, 2008-09. నంబర్లు చూస్తే తమాషాగా ఉంటాయి. సగటు పాయింట్లు 25.9 నుంచి 28.6కి పెరిగి దేశంలోనే ఫస్ట్ అయ్యాడు. అసిస్టులు 2.9 నుంచి 5.6, అంటే ఇంచుమించు డబుల్. అదే టైమ్‌లో త్రీ పాయింట్ శాతం దాదాపు 44 నుంచి 39 లోపుకి పడిపోయింది. మోటివేషన్ కథ చెప్పేవాళ్ళు ఈ చివరి నంబర్ చెప్పరు. నాకు మాత్రం ఇదే ఇంట్రెస్టింగ్, ఎందుకంటే ఇది ఒక మనిషి తనకి బాగా వచ్చిన పని పక్కనపెట్టి రాని పని అందరి ముందూ నేర్చుకుంటున్నప్పుడు వచ్చే నంబర్. ఓక్లహోమా మీద 44 కొట్టి కూడా ఓడారు, అవతల ఉన్నది బ్లేక్ గ్రిఫిన్, ఆ తర్వాతి డ్రాఫ్ట్‌లో నంబర్ వన్. ఎన్‌సీ స్టేట్ మీద మళ్ళీ 44, ఆ మ్యాచ్ గెలిచారు. పర్డ్యూ దగ్గరికొచ్చేసరికి 26 షాట్లు వేస్తే 5 పడ్డాయి, అదీ ఆ మూడో ఏడాదే.

నవంబర్‌లో లొయోలా, అంటే మేరీలాండ్‌లో ఉన్న లొయోలాతో ఆడిన మ్యాచ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వాళ్ళ కోచ్ జిమ్మీ పాట్సోస్ ఒక వింత ప్లాన్ వేశాడు: మ్యాచ్ మొత్తం, బాల్ ఎక్కడున్నా సరే, కర్రీ మీద ఇద్దరు. బాల్ అతని దగ్గర లేకపోయినా ఇద్దరే. కర్రీ రెండు మూడు పొజెషన్లు చూశాడు, అర్థమైపోయింది, వెళ్ళి కోర్టు మూలలో నించున్నాడు. ఊరికే నించున్నాడు. ఇద్దరు మనుషులు అతని పక్కనే కాపలా, అవతల మిగిలిన నలుగురు డేవిడ్‌సన్ వాళ్ళు ముగ్గురి మీద హాయిగా ఆడుకున్నారు. దేశంలో అందరికన్నా ఎక్కువ కొట్టే స్కోరర్ మొత్తం మ్యాచ్‌లో వేసింది 3 షాట్లు, ఒక్కటీ పడలేదు, పాయింట్లు సున్నా. డేవిడ్‌సన్ 78-48తో గెలిచింది, 30 పాయింట్ల తేడా. మ్యాచ్ అయ్యాక ఆ కోచ్ మేం 30తో ఓడింది గుర్తుంటుందా, అతన్ని సున్నాకి ఆపింది గుర్తుంటుందా అన్నట్టు మాట్లాడాడు. గుర్తుంది సార్, రెండూ గుర్తున్నాయి.

దీన్ని అందరూ జోక్‌లా చెప్పుకుంటారు. కానీ గోల్డెన్ స్టేట్ ఛాంపియన్‌షిప్‌లు గెలిచిన రోజుల్లో వాళ్ళ ఆట చూసినవాళ్ళు ఒకసారి గుర్తుతెచ్చుకోండి. కర్రీ మీదకి ఇద్దరొస్తారు, అతను బాల్ టీమ్‌మేట్ డ్రేమండ్ గ్రీన్‌కి వదిలేస్తాడు, గ్రీన్ మధ్యలో తిరిగి చూసేసరికి అవతలి ముగ్గురి మీద వీళ్ళు నలుగురు, ఒక పాస్, ఇంకో పాస్, బుట్టలో. నా మీద ఇద్దరున్నారంటే అవతల ఒకడు ఖాళీగా ఉన్నాడు అన్న లెక్కని ఒంట్లో జీర్ణించుకోవడం వేరు, బోర్డు మీద గీసి చెప్పడం వేరు. ఇరవై ఏళ్ళ కుర్రాడు, సగటు కోసం స్కౌట్లు పుస్తకాలు పట్టుకుని కూర్చున్న సీజన్‌లో, సున్నాతో మ్యాచ్ ముగించడానికి మూల నించున్నాడు. ఈ పని 2008 మార్చి కర్రీకి వచ్చేదని నేననుకోను, కాన్సస్ మీద ఆఖరి సెకన్ వరకూ ఇద్దరి మధ్యా దారి వెతుక్కున్నాడు కదా. ఎనిమిది నెలల్లో వచ్చింది.

ఆ ఏడాది ఎలా అయిపోయిందంటే, చప్పగా. ఫిబ్రవరిలో కాలి చీలమండ బెణికింది, ఒక మ్యాచ్ ఆడలేదు, ఆ ఒక్క మ్యాచూ టీమ్ సిటడెల్ చేతిలో ఓడింది. వాళ్ళు ఆడే కాలేజీల గ్రూపు, సదరన్ కాన్ఫరెన్స్, చిన్నది, మామూలుగా అందులోంచి టోర్నమెంట్ గెలిచిన ఒక్క టీమే పెద్ద టోర్నమెంట్‌కి వెళ్తుంది, వీళ్ళు సెమీస్‌లోనే కాలేజ్ ఆఫ్ చార్ల్‌స్టన్ చేతిలో పోయారు. ఎన్‌సీఏఏకి పిలుపు రాలేదు, రెండో రకం టోర్నమెంట్ ఎన్‌ఐటీలో సౌత్ కరొలైనా మీద గెలిచి, పాటీ మిల్స్ ఆడే సెయింట్ మేరీస్ చేతిలో ఓడిపోయి ఇంటికొచ్చారు. అంతకుముందు ఏడాది దేశం మొత్తం చూసిన టీమ్ ఈ ఏడాది మార్చిలో కనబడనే లేదు. అందుకే ఎవరికీ గుర్తులేదు.

డ్రాఫ్ట్‌లో ఏమైందో తెలిసిందే. 2009 జూన్‌లో మినసోటాకి వరసగా 5, 6 నంబర్ ఎంపికలున్నాయి, రెండూ పాయింట్ గార్డ్‌లకే వాడుకుంది, రికీ రూబియో, జానీ ఫ్లిన్. 7లో గోల్డెన్ స్టేట్ కర్రీని తీసుకుంది. మినసోటా మీద జోకులు ఇప్పటికీ ఆగలేదు. నేననేది ఒక్కటే, ఆ మూడో ఏడాది లేకపోతే పాయింట్ గార్డ్‌ల లిస్టులో అతని పేరే ఉండేది కాదు.

ఇక్కడ మా ఫ్రెండ్ ఒకడు ఎప్పుడూ అడ్డం పడతాడు, వాడి వాదనలో పస ఉంది కాబట్టి దాచను. వాడనేది ఏంటంటే, ఆ మూడేళ్ళూ కర్రీ పేరు మీద టీవీ వాళ్ళు, టోర్నమెంట్ వాళ్ళు, కాలేజీ అందరూ సంపాదించారు, అతనికి దక్కింది స్కాలర్‌షిప్ మాత్రమే, ఆ ఫిబ్రవరిలో కాలు ఇంకొంచెం గట్టిగా తిరిగి ఉంటే నువ్వు ఈ పోస్టే రాసేవాడివి కాదు, నాన్న ఎన్‌బీఏ ప్లేయర్ కాబట్టి ఆ రిస్క్ తీసుకోగలిగాడు, ఇంట్లో గడవని కుర్రాడికి ఉండిపో అని చెప్పడానికి నువ్వెవడివి? నిజమే. ఎన్‌బీఏకి వెళ్ళాక కూడా చీలమండలే అతన్ని ఏడిపించాయి, ఆపరేషన్లయ్యాయి, ఆ భయంతోనే 2012లో నాలుగేళ్ళకి 44 మిలియన్ల డాలర్లకి సంతకం పెట్టాడు, తర్వాత చూస్తే అది చవక బేరం. అందుకే 2021 నుంచి కాలేజీ ప్లేయర్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు అన్న రూల్ రావడం నాకు నచ్చింది. ఆలస్యంగా వచ్చింది, అంతే.

డబ్బు రావడంతో నాకు గొడవ లేదు. కానీ డబ్బుతో పాటు ట్రాన్స్‌ఫర్ కూడా ఈజీ అయింది, ఇదివరకు కాలేజీ మారితే ఏడాది ఆడకుండా కూర్చోవాల్సి వచ్చేది, ఇప్పుడు అక్కర్లేదు. చిన్న కాలేజీలో ఒక ఏడాది 21 కొట్టిన కుర్రాడు ఏప్రిల్‌లో పెద్ద కాలేజీకి వెళ్ళిపోతున్నాడు, వెళ్ళడం వాడి హక్కు, కాదనను. అక్కడ వాడికి ఇచ్చే పని మాత్రం వాడికి వచ్చిన పనే. లక్షల డాలర్లు పెట్టి షూటర్‌ని కొనుక్కున్న కోచ్ ఆ షూటర్‌కి బాల్ ఇచ్చి, నువ్వు పాయింట్ గార్డ్ నేర్చుకో, టర్నోవర్లు అయినా పర్లేదు, పర్డ్యూ మీద 26కి 5 వేసినా పర్లేదు అంటాడా? అనడు. అనడానికి అతని ఉద్యోగం ఒప్పుకోదు.

దీనికి ఎదురు ఉదాహరణ ఆ ఇంట్లోనే ఉంది. తమ్ముడు సెత్ కర్రీ. అన్న మూడో ఏడాదిలో ఉన్నప్పుడే సెత్ లిబర్టీ అనే కాలేజీలో ఫ్రెష్‌మన్‌గా 20కి పైగా సగటుతో అదరగొట్టాడు, వెంటనే డ్యూక్‌కి మారాడు, అప్పటి రూల్ ప్రకారం ఒక ఏడాది కూర్చున్నాడు. అంటే ఇవ్వాళ కుర్రాళ్ళు చేస్తున్న పనే. 2013లో డ్రాఫ్ట్‌లో అతన్ని ఎవరూ తీసుకోలేదు, కాలి దెబ్బ కూడా ఒక కారణం, అయినా తర్వాత ఎన్‌బీఏలో చాలా ఏళ్ళు ఆడాడు, త్రీ పాయింటర్ల శాతంలో లీగ్‌లో మంచి పేరుంది. కాబట్టి మారితే చెడిపోతారని నేను అనలేను. కానీ సెత్ డ్యూక్‌కి వెళ్ళి వచ్చాక కూడా మంచి షూటర్‌గానే ఉన్నాడు, ముందూ మంచి షూటరే. అన్న మాత్రం డేవిడ్‌సన్‌లోకి ఒక రకం ప్లేయర్‌గా వెళ్ళి ఇంకో రకం ప్లేయర్‌గా బయటికొచ్చాడు. ఒకే నాన్న, ఒకే ఇంటి వెనక కోర్టు, తేడా అంతా కాలేజీదే అని నేను కోర్టులో నిరూపించలేను, టాలెంట్ తేడా ఉండే ఉంటుంది. నా అనుమానం మాత్రం పోదు.

డిగ్రీ విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే మన అంకుళ్ళకి అదే ముఖ్యం. మూడేళ్ళకే వెళ్ళిపోయాడు కాబట్టి చదువు మిగిలిపోయింది, పూర్తి చేస్తానని అమ్మకి మాటిచ్చాడు, 2022లో చేశాడు, సోషియాలజీ. డేవిడ్‌సన్ వాళ్ళ పట్టింపు ఏంటంటే డిగ్రీ లేనివాడి జెర్సీని గౌరవంగా అరీనా పైన వేలాడదీయరు. ఎన్‌బీఏలో రెండుసార్లు ఎంవీపీ (ఏడాదికి బెస్ట్ ప్లేయర్) అయినా సరే, అతని 30 నంబర్ జెర్సీ 2022 ఆగస్టు దాకా ఆగింది. పదమూడేళ్ళు. ఇంత మొండి కాలేజీ కాబట్టే 13 టర్నోవర్ల కుర్రాణ్ణి కూడా తీసెయ్యకుండా ఉంచిందని నాకనిపిస్తుంది, అవి రెండూ ఒకే బుద్ధి.

2025 మార్చిలో కర్రీ అదే కాలేజీ బాస్కెట్‌బాల్‌కి అసిస్టెంట్ జనరల్ మేనేజర్ అయ్యాడు, ఇంకా గోల్డెన్ స్టేట్‌కి ఆడుతూనే. అమెరికాలో పెద్ద లీగ్‌లో ఆడుతున్న ఆటగాడు ఇలా కాలేజీ టీమ్ ఆఫీసు పని తీసుకోవడం అదే మొదటిసారి. కుర్రాళ్ళని తేవడం, ఉంచుకోవడం, దానికి డబ్బు చూడ్డం, ఇవన్నీ ఇప్పుడు అలాంటి ఆఫీసుల నెత్తినే ఉన్నాయి. అంటే రేపు డేవిడ్‌సన్‌లో ఎవడో పీల కుర్రాడు మొదటేడాదే అదరగొట్టి, ఏప్రిల్‌లో పెద్ద కాలేజీ నుంచి పెద్ద మొత్తం ఆఫర్ తెచ్చుకుంటే, ఆగు అని ఫోన్ చెయ్యాల్సిన వాళ్ళలో ఇతనూ ఒకడు. అవతలివాళ్ళు ఇచ్చేంత డబ్బు డేవిడ్‌సన్ ఇవ్వలేదు. మార్చి వీడియోలు వాడు ఎలాగూ చూసే ఉంటాడు, అవి వాణ్ణి ఆపవు. లొయోలా మ్యాచ్ గురించి చెప్తాడో లేదో తెలుసుకోవాలనుంది నాకు.